మెకానిక్‌కి చూపించకుండా పాత పోర్షే బాక్‌స్టర్ కొనేశారా? ఇప్పుడు ఏం చేయాలంటే

పది పన్నెండు వేల డాలర్లకు ఆన్‌లైన్‌లో పోర్షే కనిపిస్తుంది. టాప్ దించి తీసిన ఫొటోలో అదిరిపోతుంది. అమ్మే ఆయన మర్యాదగా మాట్లాడతాడు, సాయంత్రం ఇంకొకరు చూడ్డానికి వస్తున్నారని కూడా చెప్తాడు, ఇంకేముంది, బ్యాంకుకి వెళ్లి క్యాషియర్స్ చెక్ తీసుకుని కారు తెచ్చేసుకోవడమే. టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మనవాళ్ల ఇళ్ల ముందు ఇలా వచ్చిన కార్లు కొన్ని చూశాను. ఎక్కువగా 1997 నుంచి 2004 మోడల్ దాకా వచ్చిన మొదటి తరం బాక్‌స్టర్‌లే, ఫ్యాక్టరీ నంబర్ 986. వారం తిరక్కుండానే చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, వెనక ట్రంక్‌లో తియ్యటి వాసన వస్తుంది, పార్కింగ్‌లో కింద నూనె చుక్క కనిపిస్తుంది.

అప్పుడు ఫోన్ తీసి వెతికితే మొదట తగిలేది ఇంజిన్ లోపల ఉండే ఐఎంఎస్ బేరింగ్, అది పోతే ఇంజిన్ మొత్తం పోతుంది అనే మాట. ఆ రాత్రి నిద్ర పట్టదు. ఐఎంఎస్ సంగతి నిజమే, కింద వివరంగా రాస్తాను. కానీ ఇరవై ఏళ్లు దాటిన ఈ కార్లను రోడ్డు పక్కన నిలబెట్టేది ఎక్కువసార్లు అది కాదు, ఎండిపోయిన రబ్బరు, పెళుసెక్కిన ప్లాస్టిక్, కారిపోతున్న కూలెంట్, లోపలికి చేరిన వాన నీళ్లు. ఉన్న డబ్బంతా ఐఎంఎస్‌కి పోసేసి, పగిలిన కూలెంట్ ట్యాంకుతో ఆగస్టు ఎండలో హైవే ఎక్కే వాళ్లున్నారు, అందుకే ఈ గైడ్.

ముందు స్కానర్ పెట్టండి, కోడ్‌లు మాత్రం చెరపకండి

కారులో తేడా ఉందని తెలిసిన రోజు నుంచి గట్టిగా నడపడం ఆపేయండి. అవసరమైతే ఇంటి చుట్టుపక్కల మెల్లగా తిప్పండి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా రెడ్‌లైన్ వైపు పోనివ్వకండి. టెంపరేచర్ ముల్లు మామూలు చోటు దాటినా, ఆయిల్ ప్రెషర్ లైట్ వెలిగినా, ఇంజిన్‌లోంచి ఇనుము గీకుతున్నట్టు శబ్దం వచ్చినా అక్కడే ఆపి టో ట్రక్ పిలవండి. ఇంకో రెండు మైళ్లేగా అనుకునే ఆ రెండు మైళ్ల దగ్గరే బిల్లు వందల నుంచి వేలకు వెళ్తుంది.

తర్వాత ముప్పై నలభై డాలర్ల ఓబీడీ స్కానర్ ఒకటి కొని డ్రైవర్ వైపు డ్యాష్‌బోర్డు కింద ఉన్న పోర్టుకి పెట్టండి. వచ్చిన కోడ్‌లన్నీ ఫొటో తీసుకోండి, దానితో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ డేటా కూడా, అంటే కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో చెప్పే అంకెలు. చెరిపేస్తే లైట్ ఆరిపోతుంది, జబ్బు అలాగే ఉంటుంది, పైగా మెకానిక్‌కి దొరకాల్సిన ఆధారం పోతుంది.

అదే స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు అని ఒక పేజీ ఉంటుంది, కారు కంప్యూటర్ తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో అది చెప్తుంది, దాన్ని తప్పకుండా చూడండి. కారు కొన్న రోజో మర్నాడో చూస్తే సగం మానిటర్లు ఇంకా నాట్ రెడీ అని ఉన్నాయంటే, అమ్మే ముందు ఎవరో కోడ్‌లు చెరిపారనో, బ్యాటరీ తీసి పెట్టారనో అర్థం. బ్యాటరీ నిజంగానే మార్చి ఉండొచ్చు కూడా, కాబట్టి ఆయన మీద అప్పుడే విరుచుకుపడకండి, అనుమానం మాత్రం ఉంచుకోండి. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ మాత్రం ఇంకా ఉంది, 24 ఏళ్లు దాటిన కార్లకు అదీ అక్కర్లేదు. టెస్ట్ ఉన్న కారైతే 2001, ఆ తర్వాతి మోడళ్లకు ఒక్క మానిటర్ మించి నాట్ రెడీగా ఉండకూడదు. అంటే టెస్ట్‌కి వెళ్లే ముందు రోజు లైట్ ఆర్పుకుని వెళ్దామనే తెలివి పని చేయదు.

బాక్‌స్టర్‌లో తరచూ కనిపించే కోడ్‌లు పీ1128, పీ1130. ఇంజిన్ లీన్‌గా, అంటే పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువై నడుస్తోందని వాటి అర్థం. చూడగానే ఆక్సిజన్ సెన్సర్లు ఆర్డర్ చేయకండి, గాలి ఎక్కడి నుంచో దొంగతనంగా లోపలికి వస్తుండొచ్చు, పగిలిన రబ్బరు గొట్టమో, సరిగ్గా పట్టని ఆయిల్ మూతో, లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్‌కి మురికి పట్టడమో కారణం కావచ్చు. పీ0300 వరసలో మిస్‌ఫైర్ కోడ్‌లు, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండడం లేదనేవి, వస్తే ఇగ్నిషన్ కాయిల్స్ విప్పి చూడండి, వయసుకి వాటి ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది, వాన పడిన రోజున, కారు కడిగిన రోజున ఎక్కువ తన్నేస్తుంది.

కాగితాల పని

ఇది బోర్ పని, కానీ కారు కింద దూరే ముందే అవ్వాలి. టెక్సస్‌లో కొన్న 30 రోజుల్లోపు కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో టైటిల్ మీ పేరుకి మార్చుకోవాలి, అమ్మినాయన సంతకం చేసిన 130-యూ ఫారం, అంటే టైటిల్ దరఖాస్తు, కావాలి. కారు బాగోలేదు, తేలేదాకా ఆగుదాం అని టైటిల్ పని వాయిదా వేయకండి, ఆలస్యానికి పెనాల్టీ ఉంటుంది.

కారు గుర్తింపు సంఖ్య అయిన వీఐఎన్ నంబర్‌లో పదో అక్షరం మోడల్ సంవత్సరం చెప్తుంది: 1997కి వి, 2000కి వై, 2001 నుంచి అంకెలు మొదలవుతాయి, 2004కి 4. పదకొండోది ఫ్యాక్టరీ. ఎస్ అయితే స్టుట్‌గార్ట్, యూ అయితే ఫిన్లాండ్‌లోని ఊసికౌపుంకీ. అవును, చాలా బాక్‌స్టర్‌లు ఫిన్లాండ్‌లో తయారయ్యాయి, అందుకని తక్కువ రకం ఏమీ కాదు. అదే నంబర్ రోడ్డు భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో కొడితే తీరని రీకాల్స్ ఏమైనా ఉంటే ఉచితంగా తెలుస్తుంది.

2010, అంతకు ముందు మోడళ్లకు అమ్మేవాళ్లు ఓడోమీటర్ రీడింగ్ రాసివ్వాలన్న ఫెడరల్ నిబంధన వర్తించదు. కాబట్టి మీటర్ మీద అంకెని గుడ్డిగా నమ్మకండి. నిజం తెలుసుకునే దారి ఒకటి ఉంది, తర్వాతి భాగంలో చెప్తాను.

ఇక డబ్బు వెనక్కి వస్తుందా అని అందరూ అడుగుతారు. వ్యక్తి దగ్గర కొంటే అది యాజ్ ఈజ్, అంటే ఉన్నది ఉన్నట్టు, కిందే లెక్క, చూసుకోకుండా కొన్న బాధ్యత మీదే. డీలర్ దగ్గర కొంటే కారు కిటికీకి బయ్యర్స్ గైడ్ అనే కాగితం ఉండాలి, అందులో యాజ్ ఈజ్ అని టిక్ పెట్టారా, వారంటీ అని పెట్టారా చూడండి. అమ్మినాయన తెలిసి అబద్ధం చెప్పాడని రాతపూర్వకంగా చూపించగలిగితే వేరే సంగతి. ఐఎంఎస్ మార్పించాను, రసీదు ఉంది అని మెసేజ్ పెట్టి, తీరా అడిగితే రసీదే లేదనుకోండి, అలాంటి మెసేజ్‌లు, ప్రకటన స్క్రీన్‌షాట్లు భద్రంగా దాచుకోండి, ప్రకటన డిలీట్ అయ్యేలోపే. టెక్సస్‌లో జస్టిస్ కోర్టు 20,000 డాలర్ల దాకా కేసులు వింటుంది, లాయర్ తప్పనిసరి కాదు. అయినా నా సలహా ఏమిటంటే ముందు మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి, పాత బిల్లులు, మెకానిక్ పేరు అడగండి. పోట్లాటకి దిగితే ఆయన ఫోన్ ఎత్తడం మానేస్తాడు, ఆ కారు చరిత్ర తెలిసిన మనిషి ఆయనొక్కడే.

కొనే ముందు చేయించనిది ఇప్పుడు చేయించండి

కొనేసిన తర్వాత ఇన్‌స్పెక్షన్ ఎందుకు, డబ్బు దండగ అనుకుంటారు. నిజానికి ఇప్పుడే ఎక్కువ అవసరం, ఎందుకంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది దీంతోనే తేలుతుంది. డీలర్‌షిప్‌కి వెళ్లక్కర్లేదు, పోర్షేలు మాత్రమే చూసే ఇండిపెండెంట్ షాపులు పెద్ద ఊళ్లలో ఉంటాయి. పోర్షే క్లబ్ ఆఫ్ అమెరికాకి ఊరూరా రీజియన్లు ఉన్నాయి, డాలస్-ఫోర్ట్‌వర్త్‌కి మావెరిక్ రీజియన్, అక్కడి సభ్యులను అడిగితే ఏ షాపులో చెయ్యి మంచిదో మొహమాటం లేకుండా చెప్తారు.

షాపుకి వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్షన్ చేయండి అని వదిలేయకండి, ఏం కావాలో కాగితం మీద రాసి ఇవ్వండి. అన్ని సిలిండర్లకూ లీక్‌డౌన్ టెస్ట్ (గాలి నింపి ఎంత కారిపోతోందో చూడటం), కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ టెస్ట్, కారుని పైకెత్తి అడుగు భాగం ఫొటోలు, ఇంజిన్ కంప్యూటర్ రిపోర్టు. ఈ ఆఖరిదాని కోసం పోర్షేకి పనికొచ్చే స్కానర్ కావాలి, ఇంట్లో వాడుకునే డ్యూరామెట్రిక్ అనే స్కానర్ కూడా చాలు. 2000 నుంచి వచ్చిన మాన్యువల్ కార్లలో ఇంజిన్ ఎన్నిసార్లు పరిమితి దాటి తిరిగిందో రెండు రేంజ్‌లుగా నమోదై ఉంటుంది. మొదటి రేంజ్ అంటే యాక్సిలరేటర్ తొక్కి లిమిటర్‌కి తగిలించడం, అది పెద్ద నేరం కాదు. రెండోది గేర్ తప్పు వేసినప్పుడు వచ్చేది, అందులో అంకెలు కనిపిస్తే అది ఇంజిన్ ఏ గంట దగ్గర జరిగిందో చూడండి. పాతది అయి, ఆ తర్వాత వందల గంటలు నడిచి ఉంటే అంత కంగారు లేదు.

అందులోనే ఇంజిన్ మొత్తం నడిచిన గంటలు కూడా ఉంటాయి. ఓడోమీటర్ మైళ్లను ఆ గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. మామూలుగా అది గంటకి ఇరవై అయిదు నుంచి నలభై మైళ్ల మధ్య ఉంటుంది. పది పన్నెండు వచ్చిందంటే ఓడోమీటర్ సంగతి ఆలోచించాల్సిందే.

మీరే ఇంటి దగ్గర చూసుకోగలిగినవి

బాక్‌స్టర్‌లో ఇంజిన్ సీట్ల వెనక, మడత టాప్ కింద దాగి ఉంటుంది. ముందు ఎత్తితే ట్రంక్, వెనక ఎత్తితే ఇంకో ట్రంక్, ఇంజిన్ ఏదిరా అని మన నాన్నగారు ఊరి నుంచి వస్తే తప్పకుండా అడుగుతారు. ఆయిల్ మూత, డిప్‌స్టిక్, కూలెంట్ మూత వెనక ట్రంక్‌లో ఉంటాయి, రోజువారీ చూడ్డానికి అవి చాలు.

పొద్దున్నే కారు చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, వెనక ఒకరిని నిలబెట్టి పొగ చూడమనండి. పడుకోబెట్టిన సిలిండర్ల ఇంజిన్ కాబట్టి ఎప్పుడైనా ఒకసారి కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోవడం మామూలే, ముఖ్యంగా వాలు మీద పార్క్ చేసి ఉంటే. వీధంతా కమ్మేసేంత తెల్లటి పొగ వస్తే ఏఓఎస్ అనే ఆయిల్ సెపరేటర్ పోయినట్టు అనుమానించండి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయబోతే లోపల్నుంచి ఎవరో గట్టిగా లాగుతున్నట్టు ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఇది మార్చకుండా తిప్పితే ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. పార్ట్ ధర భరించగలిగేదే, కానీ చేతులు దూరని చోట ఉంటుంది, బిల్లులో కూలీ భాగమే ఎక్కువ.

కూలెంట్ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. కూలెంట్ ట్యాంకు వెనక ట్రంక్ గోడలో ఉంటుంది, ఇన్నేళ్లకి దాని ప్లాస్టిక్ అతుకుల దగ్గర చీలుతుంది. ట్రంక్ కార్పెట్ ఎత్తి వేళ్లతో తడమండి, తడిగా ఉండి తియ్యటి వాసన వస్తే అదే. ట్యాంకు మూత మీద పార్ట్ నంబర్ ఉంటుంది, దాని చివర 04 కాకపోతే కొత్తది కొనేయండి, పాత రకం మూతలు ప్రెషర్ సరిగ్గా పట్టవు. ఇంజిన్ చల్లారాకే మూత తీయాలని వేరే చెప్పక్కర్లేదు కానీ చెప్తున్నాను, ఎందుకంటే తొందరలో చెయ్యి కాల్చుకునే వాళ్లు ఎప్పుడూ ఉంటారు. లోపల ద్రవం శుభ్రంగా, పారదర్శకంగా ఉండాలి. పాలు ఎక్కువైన కాఫీలా చిక్కగా కనిపిస్తే ఆయిల్, కూలెంట్ కలుస్తున్నాయి. అదృష్టం బాగుంటే ఇంజిన్ పైనున్న ఆయిల్ కూలర్ పోయింది, బాగోలేకపోతే సిలిండర్ హెడ్ పగిలింది, ఏది అన్నది తేలేదాకా కారు కదపకండి.

వాటర్ పంపు కూడా ఇదే గుంపు. ఇందులో తిరిగే రెక్కలు ప్లాస్టిక్‌వి, విరిగితే ముక్కలు కూలెంట్ దారుల్లోకి పోతాయి. అది మార్చిన రసీదు మీకు దొరక్కపోతే మార్చలేదనే అనుకుని, థర్మోస్టాట్, బెల్టుతో కలిపి ఒకేసారి మార్పించండి. రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లో ఉంటాయి, బాక్‌స్టర్ ఎస్ మోడల్‌లో మధ్యలో ఇంకొకటి. అక్కడ ఎండుటాకులు, చెత్త పోగుపడి కుళ్లి రేడియేటర్‌ని, ఏసీ కండెన్సర్‌ని తినేస్తాయి. టార్చ్ వేసి బంపర్ సందుల్లోంచి చూస్తేనే తెలిసిపోతుంది, శుభ్రం చేయాలంటే బంపర్ విప్పాలి. ఏసీ సరిగ్గా పనిచేయడం లేదని గ్యాస్ నింపించడానికి పరిగెత్తే ముందు ఇది చూడండి.

ఆ తర్వాత నీళ్లు. టాప్ మడతపడే చోట రెండు పక్కలా నీళ్లు పోయే కన్నాలు ఉంటాయి, ఆకులు పట్టి పూడుకుపోతే వాన నీళ్లు సీట్ల కిందకి వస్తాయి. డ్రైవర్ సీటు కిందే ఇమ్మొబిలైజర్, అలారం చూసుకునే పెట్టె ఉంది, అది తడిస్తే కారు స్టార్ట్ అవదు, అర్ధరాత్రి హారన్ కొట్టి అపార్ట్‌మెంట్ మొత్తాన్ని లేపుతుంది. టాప్ సగం తెరిచి కన్నాల్లో చెత్త తీసి, మగ్గుతో నీళ్లు పోసి వెనక చక్రాల దగ్గర కిందకి కారుతున్నాయో లేదో చూడండి. గాలి గట్టిగా కొట్టే కంప్రెసర్ వాడొద్దు, లోపలి గొట్టాలు ఊడిపోతాయి. పైసా ఖర్చు లేని పని, నా లెక్కలో ఈ కారుకి మీరు చేయగల అతి విలువైన పని.

టాప్ స్విచ్ నొక్కినప్పుడు ఒక పక్క లేచి రెండో పక్క లేవకపోతే వెంటనే ఆపండి. చాలావరకు తోపుడు కడ్డీ చివరి ప్లాస్టిక్ గిన్నె విరిగి ఉంటుంది, చిన్న పార్ట్, కానీ మొండిగా నొక్కితే ఫ్రేమ్ వంగుతుంది. 2002 దాకా వెనక అద్దం ప్లాస్టిక్‌దే, చలిలో మడిస్తే చీలుతుంది, 2003 నుంచి గాజు వచ్చింది. ప్లాస్టిక్ అద్దమైతే టాప్ సగం దిగాక ఆపి, చేత్తో అద్దాన్ని నడుముకి వంచి మళ్లీ నొక్కడం అలవాటు చేసుకోండి.

టైర్ల మీద బటన్ ఎంతుందో చూసి మురిసిపోకండి, డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చదవండి. 1614 అని ఉంటే 2014లో పదహారో వారం. ఇలాంటి కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి టైర్లు అరగకుండానే ముసలివి అవుతాయి. పదేళ్లు దాటినవైతే చర్చ లేదు, మార్చండి. బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే అదీ మార్చండి. స్పీడ్ బ్రేకర్ల మీద ముందు చక్రాల దగ్గర టకటకమంటే సస్పెన్షన్‌లోని డ్రాప్ లింకులు గానీ కంట్రోల్ ఆర్మ్‌లు గానీ అయి ఉంటాయి, కంగారు పడాల్సినవి కావు కానీ ఆర్మ్ బాగా వదులైతే స్టీరింగ్‌లో తెలుస్తుంది, అప్పుడు వాయిదా వేయొద్దు.

ఐఎంఎస్ అనే భూతం

ఇంజిన్ మధ్యలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటి ఉంటుంది. క్రాంక్‌షాఫ్ట్ దాన్ని తిప్పుతుంది, అది చైన్ల ద్వారా క్యామ్‌షాఫ్ట్‌లను తిప్పుతుంది. దాని ఒక చివర, ఫ్లైవీల్ వైపు, సీల్ వేసిన బాల్ బేరింగ్ మీద నిలబడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ సీల్ గట్టిపడి లోపలి గ్రీజు కడుక్కుపోతుంది, పాత ఆయిల్ చేరుతుంది, గుళ్లు అరుగుతాయి. బేరింగ్ విరిగితే షాఫ్ట్ పక్కకి ఒరిగి చైన్ తప్పుతుంది, వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి, అంతే సంగతులు.

తొలినాళ్ల కార్లలో రెండు వరసల బేరింగ్, దాదాపు 2000 నుంచి ఒక వరసది. ఈ ఒక వరసదే బలహీనమైంది. దీని మీద పోర్షే నార్త్ అమెరికాపై పెట్టిన క్లాస్ యాక్షన్ కేసు 2013లో సెటిల్ అయింది, 2001-2005 మోడళ్లలో కొన్నిటికి వర్తించింది, దాని గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి మీకు దాని నుంచి వచ్చేదేం లేదు. 2000, 2001 కార్లలో ఏది ఉందో గేర్‌బాక్స్ దించి చూస్తే గానీ ఖాయంగా చెప్పలేరు.

ఇందులో మీ చేతిలో ఉన్నది ఆయిల్ ఫిల్టర్. ఆయిల్ మార్చినప్పుడు లోపలి కాగితం ఫిల్టర్‌ని పారేయకండి, షాపులో మార్పిస్తే అడిగి తెచ్చుకోండి. కత్తితో మడతలు విప్పి, నూనె పిండేసి ఎండలో పరిచి చూడండి. నల్లటి, గోధుమ రంగు ప్లాస్టిక్ పలుకులు ఒకటీ అరా ఉంటే చైన్ ప్యాడ్‌లు అరుగుతున్నాయి, వయసుకి సహజం. మెరిసే ఇనప రజను ఉండి అయస్కాంతానికి అంటుకుంటే మాత్రం ఆ కారుని ఇక స్టార్ట్ చేయకుండా షాపుకి టో చేయించండి. ఇప్పుడు శుభ్రంగా ఉంటే ఒక అయస్కాంతపు డ్రెయిన్ ప్లగ్ పెట్టించి, ఫ్యాక్టరీ పుస్తకంలో 15,000 మైళ్లని రాసి ఉన్నా పట్టించుకోకుండా 5,000 మైళ్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చండి. ఎక్కువ నడిచిన కార్ల కంటే గ్యారేజీలో కవర్ కప్పి ఉంచిన కార్లకే ఈ జబ్బు ఎక్కువని చాలామంది మెకానిక్‌లు అంటారు. కాబట్టి తక్కువ మైళ్లు అని మురిపించి అమ్మిన కారైతే ఈ పరీక్ష ఇంకా ముఖ్యం.

బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ అన్నీ దించాలి. కూలీయే అసలు ఖర్చు, ఊరిని బట్టి క్లచ్‌తో కలిపి మూడు నుంచి అయిదు వేల డాలర్ల దాకా అడుగుతారు. అందుకే తెలిసినవాళ్లు దీన్ని విడిగా చేయించరు, క్లచ్ పెడల్ బరువెక్కి క్లచ్ మార్చే రోజు వచ్చినప్పుడు ఐఎంఎస్, వెనక క్రాంక్ సీల్ రెండూ అదే దెబ్బకి మార్చేస్తారు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట నూనె చెమ్మ కనిపించి మీరు హడలిపోతే అది చాలావరకు ఆ సీలే, నేల మీద మరకలు పెరగనంత వరకు క్లచ్ దాకా ఆగొచ్చు. పని ఒప్పుకునే షాపుని ఒకటే అడగండి: బేరింగ్ తీసే ముందు ఫిల్టర్ కోసి చూస్తారా, రజను కనిపిస్తే పని ఆపుతారా? ఆపుతాం అంటేనే ఇవ్వండి. రజను పారిన ఇంజిన్‌లో కొత్త బేరింగ్ వేస్తే ఆ డబ్బు కూడా పోయినట్టే.

ఏది ముందు, ఏది తర్వాత

రిపోర్టు చేతికొచ్చాక షాపువాళ్లు పద్నాలుగు ఐటమ్‌ల ఎస్టిమేట్ ఇస్తారు, మొత్తం చూస్తే కారు ధరని దాటేస్తుంది. దాన్ని అలాగే ఒప్పుకోకండి, కొట్టిపారేయకండి కూడా. ముందు ప్రాణానికి సంబంధించినవి తీయండి: బ్రేకులు, టైర్లు, స్టీరింగ్, పెట్రోల్ వాసన. తర్వాత ఇంజిన్‌ని చంపేవి: కూలెంట్ లీకులు, వాటర్ పంపు, ఏఓఎస్, ఆయిల్ మార్పు. కిటికీ, రేడియో, పగిలిన కప్ హోల్డర్ వచ్చే ఏడాది చూసుకోవచ్చు. తాళం తిప్పే చోట ఇగ్నిషన్ స్విచ్ వదులైతే మాత్రం వెంటనే మార్చండి, ఆ ఎలక్ట్రికల్ భాగం ఒక్కటే విడిగా చవకలో దొరుకుతుంది, దాని వల్ల వచ్చే వింత కష్టాలకి వేరే వేరే పార్ట్‌లు మార్చుకుంటూ పోతారు.

ఒకే చోట విప్పే పనులను ఒకేసారి పెట్టుకోండి. స్పార్క్ ప్లగ్‌లు తీసినప్పుడు వాటి గొట్టాల ఓ-రింగులు, కాయిల్స్. బంపర్ విప్పినప్పుడు రేడియేటర్ల శుభ్రం. ఇలా గుంపులు చేసి షాపువాళ్లని మళ్లీ ధర అడిగితే అదే ఎస్టిమేట్ బాగా దిగుతుంది.

సొంతంగా చేద్దామనుకుంటే ముందు మీ అపార్ట్‌మెంట్ లీజ్ చదవండి, పార్కింగ్‌లో కారు రిపేర్ చేయకూడదని చాలా చోట్ల రాసే ఉంటుంది, నూనె మరక పడితే డిపాజిట్‌లో కోస్తారు. గ్యారేజీ ఉన్న స్నేహితుడిని పట్టుకోండి. ఈ కారు నేలకి బాగా దగ్గరగా ఉంటుంది, తక్కువ ఎత్తు జాక్ కావాలి, ఫ్యాక్టరీ చెప్పిన జాక్ పాయింట్ల మీదే పెట్టాలి, స్టాండ్లు వేయకుండా జాక్ ఒక్కదాన్నే నమ్ముకుని కింద తల పెట్టకండి. డ్రెయిన్లు, ఆయిల్, ప్లగ్‌లు, బ్రేక్ ప్యాడ్‌ల దాకా ఓపిక ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు. గేర్‌బాక్స్ దించడం మొదటి ఏడాది వద్దు.

ఇన్సూరెన్స్ ఈ రిపేర్లు వేటికీ రాదు. కానీ ఎక్కువ తిప్పని రెండో కారు అయితే కారు విలువ ముందే ఒప్పుకుని రాసుకునే అగ్రీడ్ వాల్యూ పాలసీ ఇచ్చే కంపెనీలను అడిగి చూడండి, ఎందుకంటే చిన్న యాక్సిడెంట్ అయినా మామూలు పాలసీలో ఇలాంటి పాత కారుని టోటల్ అని, అంటే రిపేరు చేయించడం దండగ అని రాసేస్తారు, మీరు అప్పుడే వాటర్ పంపుకి పెట్టిన డబ్బు వాళ్లకి కనిపించదు.

ఇక రిపోర్టులో హెడ్ పగిలిందనో, లీక్‌డౌన్‌లో ఒక సిలిండర్ పూర్తిగా పోయిందనో వస్తే ఇంజిన్ ధర కారు ధరని మించుతుంది. అప్పుడు పార్కింగ్‌లో రెండేళ్లు ఉంచి రిజిస్ట్రేషన్ కట్టుకుంటూ కూర్చోకండి. ఉన్నది ఉన్నట్టు రాసి, ఇన్‌స్పెక్షన్ కాగితాలు జతచేసి అమ్మండి, ఇంజిన్ మార్చుకునే ఓపిక ఉన్నవాళ్లు, ట్రాక్ కారు కోసం బాడీ వెతికేవాళ్లు దీన్ని కొంటారు. హార్డ్‌టాప్ ఉంటే, చక్రాలు మంచివైతే అవి విడిగా ఎక్కువ పలుకుతాయి. బిల్ ఆఫ్ సేల్ మీద లోపాలన్నీ రాసి కొన్నవాళ్ల సంతకం తీసుకోండి, టెక్సస్ డీఎంవీ వెబ్‌సైట్‌లో వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్ అదే రోజు పెట్టేయండి, నంబర్ ప్లేట్లు మీరే విప్పుకుని తెచ్చుకోండి. లేకపోతే వాళ్ల టోల్ బిల్లులు మీ ఇంటికొస్తాయి.